పనిశాల గడప దాటేవారికి

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలో మొదటి సంవత్సరం చేరిన విద్యార్థి చేతికి ఒకనాడు ఒక ఇనుపముక్కనూ, ఒక ఆకురాయినీ ఇస్తారు. ముక్కను పట్టులో బిగించి, అరగదీసి, మూలలు సరిగా తేల్చాలి. పన్నెండేండ్లు పుస్తకాలతో గడిపివచ్చిన ఆ పిల్లవానికి సమకోణమంటే ఏమిటో చక్కగా తెలుసు. దానిని ఇనుములోనికి రప్పించడం ఎట్లాగో తెలియదు. ఆ ప్రాంగణం దాటి తార్నాక వైపు వస్తే మరమ్మతు దుకాణాలలో పరిస్థితి దీనికి తలక్రిందులు. అక్కడ పని నేర్చుకొనే కుర్రవాని చదువు "ఆ పానా అందుకోరా" అన్న మాటతో ప్రారంభమవుతుంది. పానా చేతికి వచ్చి స్థిరపడిన ఎన్నో నెలలకు గాని మర బిగింపులోని సూత్రం అతనికి తట్టదు. ఒక్కొక్కసారి తట్టకనే పోతుంది. అయినా ఈ రెండు చోట్లా ఒక భాగ్యం ఉన్నది. కళాశాలలో అధ్యాపకుడూ, దుకాణంలో ఉస్తాదూ, తప్పు జరుగబోతే కేక వేయడానికి ప్రక్కనే ఉంటారు.

ఈ రెండు వర్గాలకూ చెందని మూడవ రకపు పనిశాల ఈ పాతికేండ్లలో మన దేశంలో కాలు పెట్టింది. వడ్రంగి, ఉపాధ్యాయుడు, గృహిణి, విద్యార్థి, ఎవరైనా చేరి అక్కడి పనిముట్లు వాడుకొని, తమ ఊహలోని వస్తువును తామే చేసుకొనే చోటు అది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పుట్టిన ‘ఫ్యాబ్ ల్యాబ్’ అనే పద్ధతి 2002లో పుణె దగ్గరి పాబళ్ గ్రామానికి, విజ్ఞాన్ ఆశ్రమానికి చేరింది. హైదరాబాదులో 2023 మార్చి నెలలో రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమయింది. తార్నాకలో మెట్రో రైలెక్కిన విద్యార్థి బండి మారకుండానే రాయదుర్గంలో దిగవచ్చు. ఇక 2016 నుండి నీతి ఆయోగ్ వారి అటల్ టింకరింగ్ ల్యాబులు పాఠశాలలలోనికే వచ్చాయి. నిన్నటివరకు సుద్దముక్క పట్టిన ఉపాధ్యాయుడు ఈనాడు త్రీడీ ప్రింటరుకు కూడా బాధ్యుడు. అందులో ప్లాస్టిక్కును కరిగించే ముక్కు దాదాపు 200 డిగ్రీల వేడిలో ఉంటుందన్న సంగతి పిల్లవాని వ్రేలు తగులక ముందే ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరు చెప్పాలి, ఏ మాటలలో చెప్పాలి అన్నదే ప్రశ్న.

సాధారణంగా చెప్పేది గోడ మీది పలక. "అది చేయరాదు, ఇది తాకరాదు" అంటూ ఇరవై నిషేధాలు. వానిని చదివినవాడు లేడు, చదివినా గుర్తుండవు. ఒక్క ఉదాహరణ చూడండి. లేతు దగ్గర చేతితొడుగులు వేసుకోరాదని నియమం. క్రొత్తవానికి ఇది విడ్డూరంగా తోస్తుంది. తొడుగు చేతిని కాపాడేది కదా! అతడు తన తెలివినే నమ్ముకొని తొడుగు వేసుకొంటాడు. తిరిగే చక్రానికి తొడుగు పోగు ఒకటి చిక్కితే చాలు, తొడుగుతో పాటు చేయి లోపలికి పోతుంది. చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేయి, విరబోసిన జుట్టు, అన్నింటికీ ఇదే ప్రమాదం. అదే మనిషి కోసిన రేకు అంచు పట్టుకొనేటప్పుడు మాత్రం తొడుగు వేసుకొని తీరాలి. ఒకచోట వద్దన్నది మరొకచోట కావాలనడం కారణం తెలియనివానికి అధికారుల చాదస్తంగా కనబడుతుంది. కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పిన నియమాన్ని మరి పదిసార్లు చెప్పనక్కరలేదు. కాంతి కిరణంతో కోసే లేజరు యంత్రం మీద పీవీసీ రేకు పెట్టరాదని వ్రాస్తే, అది కాలినప్పుడు ఊపిరితిత్తులను మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుందని కూడా వ్రాయాలి. పిడి లేని ఆకురాయిని వాడరాదని వ్రాస్తే, దాని మొన అరచేతిలో దిగుతుందని వ్రాయాలి. మొద్దుబారిన ఉలి పదునైన ఉలికంటె అపాయకరమని వ్రాస్తే, మొద్దు ఉలిమీద బలం ఎక్కువ పెట్టవలసి వచ్చి అది జారుతుందని వ్రాయాలి.

ఇక మాటల సంగతి. ఇక్కడ ఉస్మానియా చరిత్ర కొంత పాఠం చెబుతుంది. 1917లో ఆ విశ్వవిద్యాలయం కొరకు ఒక అనువాద సంస్థ వెలిసింది. అటుపిమ్మట ఉర్దూలో బోధన ఆరంభమయింది. శాస్త్ర పదాలు కల్పించడానికి పండితులు సంఘాలుగా కూర్చున్నారు. పదకల్పనకు సూత్రాలు వివరిస్తూ వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథమే ప్రకటించారు. వారి శ్రమ తక్కువది కాదు. కాని 1948 తరువాత బోధన ఆంగ్లానికి మారగానే ఆ పదాలలో పెక్కు పుస్తకాలలోనే నిలిచిపోయాయి. పానా, రందా, పేచ్‌కస్ అనే మాటలు మాత్రం ఏ సంఘమూ తీర్మానించకుండానే నగరంలోని కార్ఖానాలలో బ్రతికి ఉన్నాయి. తెలుగు మేస్త్రీ నోటనూ అవే, ఉర్దూ మిస్త్రీ నోటనూ అవే.

రెండవ మార్గం కూడా ఈ ప్రాంగణానికి ఎరుకైనదే. 1962లో ఇక్కడ భాషాశాస్త్ర ఆచార్య పదవికి వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తి పదకోశాన్ని వెలువరించింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. వానిలో మాటలు కల్పించినవి కావు, పని చేసేవారి దగ్గరకు పోయి, పనిముట్టును చూపి, "దీనిని మీరేమంటారు?" అని అడిగి సేకరించినవి.

పనిశాలకు ప్రవేశపుస్తకం వ్రాసేవారికి ఈ ప్రశ్నే శరణ్యం. లేతుకు ‘తరిమెన’ అనే అందమైన మాట నిఘంటువులో ఉన్నది. కాని నేటి లేతు మిషను నడిపేవానికి ఆ మాట చెబితే తలయెత్తి చూస్తాడు. అక్కడ లేతు అనే వ్రాయాలి. ఆకురాయి, చిత్రిక, ఉలి, సమ్మెట, మూలమట్టం, రసమట్టం వంటి మాటలు నేటికీ పనివారి నోట ఉన్నాయి గనుక వానిని విడిచి ఆంగ్లానికి పోవడం అనవసరం. చిత్రికను రందా అనేవారూ అదే బల్ల దగ్గర నిలబడతారు గనుక బొమ్మ వేసి, ప్రక్కనే రెండు మాటలూ పెట్టడం మేలు. పేరు తెలియనివాడు అడుగలేడు. అడుగలేనివాడు అందిన దానితో పని కానిస్తాడు. రెంచి వాడవలసిన చోట పట్టకారు వాడి, మర తల అరగదీస్తాడు.

మరి ఈ పుస్తకం వ్రాయవలసినవా రెవరు? అందరికంటె అనుభవజ్ఞుడనుకోవడం సహజం. కాని అతనికి తన అజ్ఞానకాలం గుర్తుండదు. కిటికీ ప్రక్కనున్న ఎర్ర బొత్తాము నొక్కితే యంత్రాలన్నీ ఆగుతాయన్నది అతనికి చెప్పవలసిన విషయంగానే తోచదు. నెల క్రిందట చేరినవాడు మొదటి చిత్తు వ్రాయాలి, అనుభవజ్ఞుడు దిద్దాలి. అటుపిమ్మట మరొక క్రొత్తవాని చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా, అతడు ఎక్కడ ఆగి దిక్కులు చూస్తాడో గమనించాలి. ఆ చోటనే వాక్యం మార్చాలి. ఉపాధ్యాయులకు ఇది క్రొత్త విద్య కాదు. తరగతిలో వెనుక బల్లమీది ముఖాలను చూసి పాఠం మార్చుకోవడం వారు నిత్యం చేసేదే.

మొదటి పుటలో స్థాపన చరిత్ర, ప్రముఖుల సందేశాలు ఉండనక్కరలేదు. ఎర్ర బొత్తాము, ప్రథమ చికిత్స పెట్టె, నీళ్లు, బయటికి దారి, ఈ నాలుగూ చూపే పటం ఉండాలి. దాని క్రింద, తెలియకపోతే ఎవరిని అడగాలో పేరు ఉండాలి. ‘సంబంధిత అధికారి’ అని వ్రాస్తే ఎవరూ అడుగరు. పనిశాలలో క్రొత్తవానిని గాయపరచే వానిలో సిగ్గు ముఖ్యమైనది. వయసు మళ్లిన సభ్యుడు పదునాలుగేండ్ల బాలికను "అమ్మా, ఈ యంత్రం ఎట్లా ఆపాలి?" అని అడగడానికి వెనుకాడకూడదంటే, ఇక్కడ అందరూ అడుగుతారన్న సంగతి అచ్చులో కనబడాలి.

చివరి పుట గీతలు గీసి ఖాళీగా వదలాలి. పై భాగాన "ఇది అర్థం కాలేదు" అని మాత్రం అచ్చు వేస్తే చాలు. మిగిలినది చదివినవారు నింపుతారు. ఏటేటా ఆయుధపూజనాడు మన పనిశాలలలో ప్రతి పనిముట్టునూ క్రిందికి దించి, తుడిచి, బొట్టు పెడతారు. విరిగినవీ, పోయినవీ ఆనాడే లెక్కకు వస్తాయి. నిండిన ఆ చివరి పుటలను కూడా ఆ వరుసలోనే పెట్టి, పూజ అయిన మరునాడు పుస్తకాన్ని తిరిగి వ్రాయడానికి కూర్చోవచ్చు.