ఒంటిపూట బడులు, రెండుపూటల కొలువులు

మార్చి నెల సగము గడచినది మొదలు మన రెండు తెలుగు రాష్ట్రములలోను బడిగంట పండ్రెండున్నరకే మ్రోగుట పరిపాటి. ఎండలు ముదురుచున్నవి, పసివాండ్రు తాళజాలరు. కావున ప్రొద్దుటనే బడి పెట్టి మధ్యాహ్నమునకు విడిచిపెట్టుట దయగల యేర్పాటే. దాని నాక్షేపించుట మా యుద్దేశము గాదు. కాని బడికి ఒంటిపూట వచ్చినంతమాత్రమున తల్లి యుద్యోగమునకు ఒంటిపూట రాదు, తండ్రి దుకాణమునకును రాదు. పండ్రెండున్నర మొదలు సాయంకాలము ఆరింటి వరకు ఏడేండ్ల బిడ్డ యెవరి కనుసన్నల నుండవలెను? వేసవి సెలవులే యైనచో తాతగారి యూరున్నది, మామిడితోట యున్నది. ఏప్రిల్ నాలుగవ వారమువరకు సాగు ఈ దినములలో ఆ దారియు మూతపడినది. తెల్లవారిన బడి కలదు గదా!

పూర్వము ఇట్టి చిక్కు లేదని పెద్దలు చెప్పుదురు. నిజమే. ఇంట నొక మేనత్తయో, పెద్దమ్మయో ఎప్పుడు నుండెడివారు. వారి కాలమునకు ఎవ్వరును వెల గట్టలేదు గనుక, పిల్లలను జూచుట వెలలేని పనియని మనము తలంచితిమి. నేడు వెల తెలియుచున్నది. అమెరికాలోని మన తెలుగువారు ఇందులకే తల్లిదండ్రులను ఆరునెలలకొక్కమారు విమానమెక్కించుచున్నారు.

విజయవాడలో మా యెరుకలోని యొక కుటుంబము కథ చెప్పెదము. భార్యాభర్త లిరువురును ఉద్యోగులు. పిల్లవానికి ఏడేండ్లు. నాయనమ్మ మోకాలి శస్త్రచికిత్సకై గుంటూరులోని చిన్నకొడుకింటికి వెళ్లినది. సరిగా ఆ వారమే ఒంటిపూట బడులు మొదలైనవి. తల్లి మొదట పసిపిల్లల బడి నొకదానిని విచారించినది. ఐదేండ్లు దాటినవారిని చేర్చుకొనము, చేర్చుకొన్నను ఏడాది రుసుము ముందుగా కట్టవలెనని వారనిరి. ఆయాలను కుదుర్చు మధ్యవర్తి, ఆరునెలలకు తక్కువైన మనిషిని పంపననెను. ట్యూషను చెప్పు అమ్మాయి మంచిదే. కాని ఆమె పని సాయంకాలము నాలుగింటికి గాని ఆరంభము కాదు. నెలకు తక్కువగా కావలసిన సాయము అంగడిలో దొరకదని వారికి మూడునాళ్లలో బోధపడినది.

విధిలేక పిల్లవాని మెడలో తాళపుచెవి కట్టిరి. మూడు దినములు గడచినవి. నాలుగవనాడు తాళము తిరుగలేదు. వాడు మెట్లమీద సంచి తలక్రింద బెట్టుకొని రెండు గంటలు పడియుండెను. క్రింది వాటాలోని ముసలమ్మగారు చూచి లోనికి పిలిచి మజ్జిగ యిచ్చినది. ఆ సాయంకాలము తల్లి కన్నీళ్లతో ఆమె చేతులు పట్టుకొనగా, ఆమె యిట్లనినదట: "మా యింట నుంచుమనుటకు నాకేమి తల్లీ! కాని అన్నము తిన్నపిమ్మట నాకు కునుకు పట్టును. ఆ వేళ వీడు వీధిలోనికి పోయినచో నేనేమి చెప్పుదును?"

ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. మొగమాటముతో సరేయనువారికంటె తన శక్తి యింతయని చెప్పినవారే బిడ్డ నప్పగించుటకు తగినవారు. విచారింపగా అదే భవనమున మరి రెండిండ్ల వారికిని ఇదే బాధ. మూడిండ్ల వారును గలసి, ఇంటర్మీడియెటు చదివి యింట నున్న యొక యువతిని పండ్రెండు మొదలు ఆరువరకు కుదుర్చుకొనిరి. చోటు ముసలమ్మగారి ముందుగది. జీతము మూడు పాళ్లు. ముసలమ్మగారి కరెంటు ఖర్చు వేరుగా నిచ్చిరి. ఆమె వలదనినను ఇచ్చిరి, మంచిపని చేసిరి. ఊరకే పుచ్చుకొన్న సాయము పదినాళ్లకు ఇరువైపుల బరువగును.

ఇట్టి యేర్పాటునకు పూనుకొనువారికి ఆ తల్లి యనుభవము నుండి రెండు మూడు మాటలు. చోటును ఉదయము పోయి చూడరాదు. బిడ్డ అచ్చట నుండబోవు మధ్యాహ్నము రెండింటికి, చెప్పకుండ పోయి చూడవలెను. ఆ వేళ ఇంట నెవరెవరుందురు, ఎవరు వచ్చిపోవుదురు, మరుగుదొడ్డి తలుపు లోపల గడియ పడినచో బయటినుండి తీయవచ్చునా, మేడమీది పిట్టగోడ యెంత యెత్తు, నీళ్ల తొట్టికి మూత కలదా — ఇవి అడుగుటకు సిగ్గుపడరాదు. బడినుండి బిడ్డను తీసికొనిపోవువారి పేరు కాగితముమీద వ్రాసి బడివారి కీయవలెను; ఆటో నడుపువానికి నోటిమాట చాలదు. మొదటినాడే ఆరుగంటలు విడువక, తల్లి ప్రక్కనుండగా ఒక గంట, మరునాడు తల్లి లేక రెండు గంటలు ఉంచి చూడవలెను. సాయంకాలము "బాగున్నదా?" యని యడిగిన ప్రతి పిల్లవాడును బాగున్నదనియే చెప్పును. ఏమి తింటివి, ఎవరు వచ్చిరి, ఎవరు నవ్విరి, ఎవరు కోపించిరి అని యడుగవలెను. ఒకనాడు వాడు పోననిన, పెంకితనమని కొట్టివేయక కారణము కనుగొనవలెను.

ఇక ప్రభుత్వము వైపు చూతము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, నిర్ణీత సంఖ్యకు మించి స్త్రీలు పనిచేయు కర్మాగారములలో ఆరేండ్లలోపు బిడ్డలకు గది యుండవలెనని శాసించెను. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో అంగన్‌వాడీలు వచ్చినవి. అవియు ఆరేండ్లలోపు వారికే. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించి, ఏబదిమంది యుద్యోగులున్న సంస్థలు శిశుసంరక్షణాలయము నేర్పరచవలెననియు, తల్లి దినమునకు నాలుగుమారులు పోయి బిడ్డను చూడవచ్చుననియు చేర్చిరి. 2022లో వచ్చిన పాల్నా పథకము ఆరునెలలు మొదలు ఆరేండ్లవరకే. శాసనములు మారినను ఆరేండ్ల గీటు మారుట లేదు. ఏడవయేట బిడ్డకు బడి కలదని ప్రభుత్వము చేతులు దులుపుకొనుచున్నది. ఆ బడియే పండ్రెండున్నరకు తలుపు వేయుచున్నది!

జపానువారు 1997లో తమ శిశుసంక్షేమ చట్టమును సవరించి, బడి విడిచినపిమ్మట పిల్లల నుంచుకొను కేంద్రములకు చట్టమున స్థానమిచ్చిరి. జర్మనులు 2021లో చేసిన చట్టము ప్రకారము 2026-27 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటికొక తరగతి చొప్పున నాలుగవ తరగతి వరకు, దినమంతయు సంరక్షణ పొందుట పిల్లల హక్కగును. ధనికదేశముల మాటలు మనకేల యనువారుందురు. మన సర్కారుబడులలో ఒంటిపూట దినములలోను మధ్యాహ్నభోజనము పెట్టియే పిల్లలను పంపుచున్నారు. అన్నము ఉన్నది, గదులున్నవి, అనేకచోట్ల పంకాలును ఉన్నవి. లేనిది ఆరింటివరకు కూర్చుండు మనిషి, ఆమె కీయవలసిన జీతము. పట్టణపాలక సంఘములు వార్డున కొక్క బడి చొప్పున నైనను ఈ యారువారములు నడిపి చూడరాదా?

మా పాఠకులలో మేడలు కట్టించి అద్దెల కిచ్చిన గృహస్థులు పలువురు కలరు. వాటాల భవనముల సంఘములకు పెద్దలుగా నున్నవారును కలరు. ఆ భవనములలో పుట్టినరోజు పండుగలకై కట్టిన గదులు మధ్యాహ్నపువేళ తాళముతో నుండును. వచ్చు మార్చికి ముందే, ఫిబ్రవరి నెల సమావేశముననే, ఏయే యిండ్లలో పదేండ్లలోపు పిల్లలు కలరో విచారించి యొక పట్టిక వ్రాసికొనుడు. విజయవాడ కుటుంబమువారు ఈ యేడు అట్లే చేసిరి. నాయనమ్మ కోలుకొని తిరిగివచ్చినది. అయినను పిల్లవాడు క్రింది వాటాకే పోవుచున్నాడు, అచ్చట చదరంగమాడుటకు తోడున్నారట.