ఆంగ్ల విమర్శపదములు – అర్థగ్రహణము

ఆంగ్ల విమర్శగ్రంథములను పఠించు మన పరిశోధక విద్యార్థులకు చిక్కు తెలియని పదములవలన కాదు, తెలిసినవనుకొన్న పదములవలననే కలుగుచున్నదని మా యభిప్రాయము. 'యాంబిగ్యుయిటీ' యను పదమునే గైకొందము. దీనికి 'సందిగ్ధత' యని మనము సాధారణముగా వ్రాసికొందుము. సందిగ్ధమును మమ్మటుడు కావ్యప్రకాశమున దోషములలో లెక్కించెను (కొన్ని తావుల నది గుణమగుట వేరుమాట). విలియం ఎంప్సన్ 1930లో ఈ పదమునే తన గ్రంథశీర్షికయం దుంచి, అనేకార్థస్ఫూర్తిని ఏడు విధములుగా విభజించి, అది కవితకు బలమని చూపెను. పర్యాయపదమును నమ్మిన విద్యార్థి, ఎంప్సన్ మెచ్చిన పద్యమును ఆయన నిందించెనని వ్రాయగలడు.

పోనీ, శ్లేష యందమా? శ్లేషయం దర్థద్వయము కవి యుద్దేశించినదే. ఎంప్సన్ తన ఐదవ విధమున, కవి వ్రాయుచుండగా కనుగొను భావమునకు సైతము తావిచ్చెను. ధ్వని కొంత సమీపమే కాని, ధ్వనికావ్యమున వ్యంగ్యమే ప్రధానము. ఇచ్చట అర్థములు సరిసమానముగా పెనగులాడవచ్చును.

పోప్ 1711 నాటి విమర్శకావ్యమున 'విట్' అను పద మొకచో ప్రతిభ, ఒకచో చమత్కారము, వేరొకచో చతురుడగు మనుష్యుడే.

కావున పదమును, దానిని వాడిన రచయితను, సంవత్సరమును, పూర్తివాక్యమును, అచ్చట దాని కెదురుగా నిలిచిన పదమును ఒక చీటిపై వ్రాసికొనవలెను. 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు ప్రయోగములను కాలక్రమమున చూపును గనుక ఆ చీటిని దానితో సరిచూడవలెను. తెలుగు పర్యాయము చీటి చివర, అదియు పెన్సిలుతో, వ్రాయుట మంచిది.