రౌతు మస్టరులో గుర్రం లెక్క

వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక కాన్ఫెడరేట్ రౌతు బతుకు కొన్ని కార్డుల్లో సర్దుకుపోతుంది. ఎలా ఉండేవాడు, ఎవరి మీద బెంగ పెట్టుకున్నాడు లాంటివి అందులో వెతికితే నిరాశే. ఉన్నదల్లా మస్టరు. అవును, మన ఊళ్లలో కూలిపనికి వేసే మస్టరే! హాజరు, గైర్హాజరు, జీతం ఎప్పటిదాకా ముట్టింది, అంతే.

1861–65 అమెరికా అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది సైన్యం కాగితాలివి. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది రాజధాని రిచ్మండ్ తగలబడినప్పుడు కొన్ని పోయాయి. మిగిలినవాటిలోంచి 1903 మొదలు యుద్ధశాఖ గుమాస్తాలు ఒక్కో పేరునూ ఏరి కార్డులకెక్కించారు. పేరు ఒక్కో పట్టీలో ఒక్కోలా ఉంటుంది. మనం వెతికే ముత్తాత ఏ రెజిమెంటో తెలియకపోతే ఒకే పేరున్న నలుగురిలో ఎవరో తేల్చుకోవడానికే నెలలు పడుతుంది.

అసలు కథ గుర్రం దగ్గర మొదలవుతుంది. దక్షిణాది ప్రభుత్వం రౌతుకు గుర్రం ఇవ్వలేదు. ఇంటినుంచి తెచ్చుకొమ్మంది. దానికి విలువ కట్టి, రోజుకు 40 సెంట్లు అద్దె ఇచ్చింది. నెలకు లెక్కేస్తే 12 డాలర్లు. మొదట్లో రౌతు జీతమూ అంతే! పోరులో గుర్రం చస్తే ఖరీదు కట్టిచ్చేవారు. రోగమొచ్చి చచ్చినా, నడవలేక కూలబడినా, శత్రువుకు చిక్కినా ఆ నష్టం రౌతుదే. ఇంకో గుర్రం సంపాదించాలి, లేదంటే కాల్బలంలోకి పోవాలి.

ఇది తెలియక చాలామంది ముత్తాతల మీద నింద వేస్తారు. కార్డులో రెండు నెలలు గైర్హాజరు కనబడగానే పారిపోయాడనుకుంటారు. పక్కన రాసిన ముక్క చదివితే, గుర్రం కోసం సెలవు మీద ఇంటికెళ్లాడని తేలొచ్చు. పింఛను కాగితాలు ఎక్కడ వెతకాలన్నదీ తికమకే. ఆ ముసలి రౌతులకు పింఛనిచ్చింది రాష్ట్రాలు, అదీ వాళ్లు అప్పుడు కాపురమున్న రాష్ట్రం. వర్జీనియా తరఫున పోరాడి టెక్సాస్‌లో స్థిరపడినవాడి అర్జీ ఆస్టిన్‌లో దొరుకుతుంది.

వీరగాథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడితో ఫైలు మూసేస్తారు. మూయకూడదు. ఆ యుద్ధం బానిసత్వాన్ని నిలుపుకోవడానికి జరిగింది గనక 1860 జనాభా లెక్కల్లోని బానిసల పట్టీ కూడా తీయాలి. రౌతుకు సొంతంగా బానిసలు లేకపోవచ్చు. చాలామందికి లేరు. తండ్రి పేరుతోనూ చూడాలి. ఆ పట్టీలో యజమాని పేరుంటుంది. దాని కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. మనుషుల పేర్లు దాదాపు ఎక్కడా ఉండవు. గుర్రానికి పైసలతో సహా లెక్క రాసిన లోకంలో 34 ఏళ్ల ఆడమనిషి ఒక గీత.

విముక్తులైన ఆ మనుషులు 1870 జనాభా లెక్కల్లో పేర్లతో కనిపిస్తారు. ఆ యజమాని ఉన్న కౌంటీ పుటలే తిరగేయాలి. ఒక్కోసారి రౌతు ఇంటికి నాలుగిళ్ల అవతల, అతని ఇంటిపేరుతోనే, ఒక నల్లజాతి కుటుంబం ఉంటుంది. 34కు పది కలిపి ఆ ఇంట్లో 44 ఏళ్ల ఆడమనిషి ఉందేమో చూడాలి.