కాలిఫోర్నియాలో ఈవీ ఉంటే కార్‌పూల్ లేన్‌లో ఒక్కరే వెళ్లొచ్చా? పార్కింగ్, చార్జింగ్ రూల్స్ ఇప్పుడు ఎలా ఉన్నాయంటే..

సూటిగా జవాబు చెప్పేద్దాం. వెళ్లకూడదు. 2025 సెప్టెంబర్ 30తో ఆ సౌకర్యం అయిపోయింది. కారు టెస్లా అయినా, హ్యుందాయ్ అయినా, బంపర్ మీద స్టిక్కర్ ఏ రంగులో ఉన్నా సరే, కార్‌పూల్ టైమ్‌లో ఒక్కరే ఆ లేన్‌లో కనిపిస్తే కనీస ఫైన్ 490 డాలర్లు.

ఈ విషయం ఇప్పుడెందుకంటే, ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్ వైపు ఉంటూ రోజూ ఆఫీసుకు డ్రైవ్ చేసే మన వాళ్లలో ఈవీ కొనేటప్పుడు రేంజ్ కంటే ముందు ఈ లేన్ గురించి అడిగినవాళ్లు ఉన్నారు. యూజ్డ్ కారు అమ్మేవాళ్లు ‘స్టిక్కర్ ఉంది’ అని చెప్పి కాస్త ఎక్కువ రేటు అడగడమూ మామూలే. ఆ స్టిక్కర్‌కి ఇప్పుడు విలువ సున్నా. దాన్ని చూసి ఒక్క డాలర్ కూడా ఎక్కువ పెట్టొద్దు.

అసలు ఆ స్టిక్కర్ కథేంటి?

కార్‌పూల్ లేన్ అంటే రోడ్డు మీద తెల్లటి డైమండ్ గుర్తు ఉండే ఎడమ వైపు లేన్. ఇద్దరు లేదా ముగ్గురు ఉన్న కార్ల కోసం పెట్టింది. తక్కువ కార్లలో ఎక్కువ మంది వెళ్లాలన్నది దాని ఉద్దేశం. పొగ తక్కువ వదిలే కార్లను జనం కొనేలా చేయాలని, డ్రైవర్ ఒక్కడే ఉన్నా ఈ లేన్‌లో వెళ్లనిచ్చే ఏర్పాటును కాలిఫోర్నియా తెచ్చింది. 2005లో హైబ్రిడ్‌లకూ పసుపు స్టిక్కర్లు ఇచ్చారు. ప్రియస్ అంతగా కనిపించడానికి ఇదీ ఒక కారణమే. ఆ స్టిక్కర్లు 85,000 దగ్గర ఆపేశారు, 2011 జులై 1 నుంచి అవి చెల్లలేదు. తర్వాత పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకు రకరకాల రంగుల స్టిక్కర్లు వచ్చాయి. ఆపేసే నాటికి 5 లక్షలకు పైగా వాహనాలకు చెల్లే స్టిక్కర్లు ఉన్నాయి.

మరి ఎందుకు ఆపేశారు? ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఇది కాలిఫోర్నియా రద్దు చేసింది కాదు. రాష్ట్రం 2024లోనే తన చట్టాన్ని 2027 జనవరి 1 వరకు పొడిగించుకుంది. కానీ ఈ లేన్లు ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి. ఒంటరిగా నడిపే ఈవీలను అనుమతించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది ఫెడరల్ ప్రభుత్వమే, ఆ అధికారానికి గడువు 2025 సెప్టెంబర్ 30. అమెరికా కాంగ్రెస్ దాన్ని పొడిగించలేదు, అంతే. కొత్త ఈవీలపై 7,500 డాలర్ల ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ కూడా సరిగ్గా అదే రోజుతో పోయింది. రెండూ వేర్వేరు చట్టాలే, కానీ కొనేవాళ్లకు దెబ్బ మాత్రం ఒకేసారి తగిలింది.

స్టిక్కర్ చెల్లకుండా పోయిన మొదటి 60 రోజులు, అంటే 2025 డిసెంబర్ 1 వరకు, పాత స్టిక్కర్ ఉన్నవాళ్లకు టికెట్ రాయకుండా వదిలేశారు. ఆ వెసులుబాటు కూడా అయిపోయింది.

ఇది అన్యాయం అనేవాళ్లు ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ఫెడరల్ రూల్ ప్రకారం రద్దీ వేళల్లో 90 శాతం సమయం ఈ లేన్లు కనీసం గంటకు 45 మైళ్ల వేగంతో కదలాలి. ఒంటరి డ్రైవర్లకు లక్షల్లో పాస్‌లు ఇచ్చేస్తే లేన్ కూడా పక్క లేన్లలాగే నిండిపోతుంది, అప్పుడిక నలుగురిని ఎక్కించుకుని వచ్చినవాడికి లాభమేముంది? కాకపోతే స్టిక్కర్ నమ్ముకుని ఇల్లు ఆఫీసుకు దూరంగా తీసుకున్నవాళ్ల పరిస్థితి కష్టమే. రోజుకి వచ్చే, పోయే టైమ్ కలిపితే తేడా బాగానే తెలుస్తుంది.

ఎక్స్‌ప్రెస్ లేన్లలో ఏం మారింది?

బే ఏరియాలో 880, 101 లాంటి హైవేల మీద ఎక్స్‌ప్రెస్ లేన్లు ఉన్నాయి కదా, వాటిలో ఒక్కరైనా వెళ్లొచ్చు, కాకపోతే టోల్ కట్టాలి. స్టిక్కర్ ఉన్న ఈవీలకు ప్రత్యేక ఫాస్ట్‌రాక్ ట్యాగ్ మీద సగం టోల్ పడేది. ఆ సగం తగ్గింపూ పోయింది. ఇప్పుడు ఈవీలో ఒక్కరే ఉంటే గ్యాస్ కారుతో సమానంగా పూర్తి టోల్.

ఫాస్ట్‌రాక్ ఫ్లెక్స్ ట్యాగ్ మీద 1, 2, 3 అని స్విచ్ ఉంటుంది. కారులో ఎంతమంది ఉన్నారో ఆ అంకె మీద పెట్టాలి. ముగ్గురు, అంతకంటే ఎక్కువ ఉన్నా 3 మీదే. 880 మీద ఇద్దరుంటే సగం టోల్, ముగ్గురుంటే ఉచితం. పాత అలవాటుతో ఒక్కరే వెళ్తూ స్విచ్ 3 మీద వదిలేస్తే అది మోసం కిందే లెక్క.

మనుషుల లెక్కలో పిల్లలూ వస్తారు. కార్ సీట్‌లో నిద్రపోతున్న నెలల పాప కూడా ఒక మనిషే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, వాళ్లతో కలిసి వెళ్లే ఆర్నెల్లూ మీ కారు నిఖార్సైన కార్‌పూల్. పాపని డేకేర్‌లో దించేసి ఆఫీసుకు వెళ్లే రెండో సగం ప్రయాణంలో మాత్రం మీరు మళ్లీ ఒక్కరే. టికెట్ పడే అవకాశం ఎక్కువ ఉన్నది అక్కడే.

పార్కింగ్: ఆ చోటు ఈవీది కాదు, కేబుల్‌ది

లేన్ సంగతి వార్తల్లో వచ్చింది కాబట్టి చాలామందికి తెలిసింది. పార్కింగ్ రూల్ మాత్రం అమల్లోకి వచ్చి పదేళ్లు దాటినా ఈవీ ఉన్నవాళ్లే తప్పుగా అర్థం చేసుకుంటున్నారు.

మాల్‌లోనో, ఆఫీసు గ్యారేజ్‌లోనో చార్జర్ ముందు ఆకుపచ్చ పెయింట్ వేసిన చోటు కనిపిస్తుంది. ‘నాది ఈవీనే కదా, పెట్టేస్తా’ అని ప్లగ్ పెట్టకుండా వెళ్లిపోతే అది తప్పు. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 22511.1 చెప్పేది ఇది: చార్జింగ్ కోసం కేటాయించిన చోట నిలిపిన కారు చార్జింగ్ కోసం కనెక్ట్ అయి ఉండాలి. కనెక్ట్ కాని టెస్లా, కనెక్ట్ కాని కరోలా ఆ రూల్ దృష్టిలో ఒక్కటే. బోర్డు పెట్టి ఉంటే రెండింటినీ టో ట్రక్ ఎత్తుకెళ్లొచ్చు, ఖర్చు ఓనర్‌దే. చార్జర్‌కి అడ్డంగా కారు పెట్టడమూ ఇందులోకే వస్తుంది.

ఈ మాట ఊరికే రాలేదు. అంతకుముందు ఆ చోట్లలో ఆగాలంటే పూర్తి ఎలక్ట్రిక్ వాహనమని చూపే స్టిక్కర్ ఉండాలి అనేది రూల్. అప్పట్లో కొత్తగా వచ్చిన షెవ్రొలే వోల్ట్ లాంటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు దానివల్ల బయట ఉండిపోయాయి. అందుకని ఏబీ 475 అనే చట్టం తెచ్చి, 2012 నుంచి స్టిక్కర్‌కి బదులు ‘కనెక్ట్ అయి ఉండాలి’ అని మార్చారు. ప్లగ్ ఉన్న ప్రతి కారుకీ హక్కు వచ్చింది. కానీ కొత్త తలనొప్పి ఒకటి మొదలైంది. పక్కవాడు మీ కేబుల్ పీకేసి తన కారుకి పెట్టుకున్నాడనుకోండి, తప్పు చేసింది అతనైనా రూల్ ప్రకారం కనెక్ట్ కాకుండా నిలబడి ఉన్నది మీ కారు! చాలా కార్లలో ఇప్పుడు కేబుల్‌ని లాక్ చేసే సెట్టింగ్ ఉంటుంది. లెవెల్ 2 చార్జర్ల దగ్గర చార్జింగ్ పూర్తవగానే ఆ లాక్ వదిలేసేలానూ కొన్నింటిలో పెట్టుకోవచ్చు. పబ్లిక్ చార్జర్ వాడేవాళ్లు ఒకసారి మెనూలో వెతికి చూసుకోండి.

ఇంకో చిక్కు. బ్యాటరీ నిండిపోయాక కూడా కేబుల్ తగిలించే వదిలేస్తే? ‘కనెక్ట్’ అనే మాట వరకు చూస్తే కారు కనెక్ట్ అయ్యే ఉంది. అందుకే ఈ ఖాళీని చార్జింగ్ కంపెనీలు డబ్బుతో పూడుస్తున్నాయి. టెస్లా సూపర్‌చార్జర్ దగ్గర స్టేషన్ సగం నిండి ఉంటే, చార్జింగ్ అయిపోయాక నిమిషానికి 50 సెంట్లు, పూర్తిగా నిండి ఉంటే నిమిషానికి డాలర్ పడుతుంది. 5 నిమిషాల్లో కారు తీసేస్తే మాఫీ. డిన్నర్‌కి వెళ్లి 45 నిమిషాలు మర్చిపోతే, నిండిన స్టేషన్‌లో 45 డాలర్లు. బిర్యానీ కంటే పార్కింగే ఖరీదు. దీనికి తోడు చాలా చోట్ల ‘4 గంటలు మాత్రమే’ లాంటి లోకల్ బోర్డులుంటాయి. ఆ బోర్డు చదవకుండా యాప్‌ని మాత్రమే నమ్మొద్దు.

వీల్‌చైర్ గుర్తు ఉన్న చార్జింగ్ చోటైతే ప్లగ్ పెట్టినంత మాత్రాన సరిపోదు, డిజేబుల్డ్ ప్లకార్డ్ కూడా కావాలి.

మరి ఇప్పుడు ఈవీ కొనడం లాభమేనా?

లేన్ పోయింది, ట్యాక్స్ క్రెడిట్ పోయింది, పార్కింగ్ చోటు కేబుల్ ఉన్నంతసేపే. ఇక మిగిలిన లాభం ఒక్కటే, ఇంధన ఖర్చు. అది మీరు రాత్రి కారు ఎక్కడ చార్జ్ చేస్తారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇంట్లో అయితే లాభం ఖాయంగా కనిపిస్తుంది. వారమంతా డీసీ ఫాస్ట్ చార్జర్ల మీదే బతకాలంటే యూనిట్ రేటు చూసి ఒకసారి లెక్కేసుకోండి, మంచి హైబ్రిడ్‌తో పోలిస్తే పెద్దగా మిగలకపోవచ్చు.

ఇంట్లో చార్జింగ్ అనగానే గోడకి పెద్ద బాక్స్ కావాలనుకుంటారు. అందరికీ అక్కర్లేదు. గ్యారేజ్‌లో ఉండే మామూలు 120 వోల్టుల సాకెట్ 12 ఆంపియర్ల దగ్గర సుమారు 1.4 కిలోవాట్లు ఇస్తుంది. గంటకి 4 మైళ్లు అనుకుందాం. రాత్రి 8కి పెట్టి ఉదయం 8కి తీస్తే 48 మైళ్లు. మీ రాకపోకలు 40 మైళ్లయితే సరిపోయింది. 240 వోల్టుల లెవెల్ 2 చార్జర్ అయితే 7 కిలోవాట్ల దగ్గర గంటకి 25 మైళ్ల దాకా వస్తుంది, నాలుగు గంటల్లో వంద మైళ్లు. పీజీ అండ్ ఈ కనెక్షన్ ఉన్నవాళ్లకి ఈవీ2-ఏ ప్లాన్‌లో అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం 3 వరకు చవక రేటు, సాయంత్రం 4 నుంచి 9 వరకు అన్నిటికంటే ఖరీదు. ఆఫీసు నుంచి రాగానే ప్లగ్ పెట్టినా, చార్జింగ్ మొదలయ్యే టైమ్ 12 గంటలకు సెట్ చేసుకోండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే?

ఇక్కడే చాలామంది ‘మేనేజర్ ఒప్పుకోలేదు’ అని వెనక్కి తగ్గుతారు. కానీ చట్టం అద్దెకున్నవాళ్ల వైపు కొంత ఉంది. సివిల్ కోడ్ 1947.6 ప్రకారం, 2015 జులై 1 తర్వాత రాసుకున్న లేదా రెన్యూ చేసుకున్న లీజ్ అయితే, మీకు కేటాయించిన పార్కింగ్ చోట మీ సొంత ఖర్చుతో చార్జర్ పెట్టుకుంటామని రాతపూర్వకంగా అడగొచ్చు. షరతులన్నీ పాటిస్తే ఓనర్ ఒప్పుకోవాలి. అయితే పెట్టే ఖర్చు, కరెంటు బిల్లు, రిపేర్లు అన్నీ మీవే. దానివల్ల మీకు ప్రత్యేకంగా ఒక చోటు దక్కుతుంటే దానికి నెల అద్దె అడిగే హక్కు ఓనర్‌కి ఉంది. పార్కింగ్ చోట్లు ఐదు కంటే తక్కువ ఉన్న బిల్డింగ్‌లకి, ఇప్పటికే పదో వంతు చోట్లకి చార్జర్లు ఉన్నవాటికి ఈ రూల్ వర్తించదు. కాబట్టి పెద్ద కాంప్లెక్స్‌లో ఉన్నవాళ్లు ముందు చార్జర్లు లెక్కపెట్టుకుని అప్పుడు లెటర్ రాయండి.

సొంత కాండో లేదా టౌన్‌హౌస్ అయి, హెచ్‌ఓఏ ఉంటే వర్తించేది సివిల్ కోడ్ 4745. ఇది ఇంకా గట్టిది. దరఖాస్తు అందాక 60 రోజుల్లో రాతపూర్వకంగా తిరస్కరించకపోతే, అదనపు వివరాలు అడిగి ఉంటే తప్ప, ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే కమిటీ మీటింగ్‌లో నోటిమాటగా అడగడం కాదు, తేదీ కనిపించేలా ఈమెయిల్‌లో పంపండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ కొటేషన్, మీ ప్యానెల్ ఎంత లోడ్ తట్టుకుంటుందో చూపే కాగితం దాంతోపాటే జత చేస్తే, వివరాలు సరిపోలేదంటూ తిప్పి పంపే అవకాశం తగ్గుతుంది.