చేతులు కడగాలంటే గేరికి నీళ్లు రావాలి

'చేతులు కడుక్కోండి, పిల్లల్ని కాపాడుకోండి' అన్న హితవులో తప్పు లేదు. మలంతో కలుషితమైన చేయి, నీరు, మట్టి ద్వారానే విరేచనాల వ్యాధులు పసివారికి సంక్రమిస్తాయి. తిన్నది ఒంటబట్టక ఎదుగుదల కుంటుపడుతుంది. అయితే ఈ ప్రచారం తల్లి అలవాటును ప్రశ్నించినంత గట్టిగా, కుళాయి ఎక్కడ ఆగిపోయిందని ప్రశ్నించదు. నా అభ్యంతరం అక్కడే.

బంగ్లాదేశ్, కెన్యాలలో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలు ఇందుకు గుణపాఠం. కుటుంబాలకు మరుగుదొడ్డి, సబ్బు, నీటిశుద్ధి సమకూర్చారు. బంగ్లాదేశ్‌లో విరేచనాలు తగ్గాయి, కెన్యాలో తగ్గలేదు. ఈ చర్యల వల్ల పిల్లల ఎత్తు మాత్రం రెండుచోట్లా పెరగలేదు. ఇల్లొక్కటే శుభ్రపడితే చాలదు, పరిసరమంతా మారాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో 31.4 శాతం, 2019-20లో 31.2 శాతం. స్వచ్ఛభారత్ మరుగుదొడ్లు ఊరూరా వెలిసిన కాలమిది.

మన పరిసరాన్ని గీసింది కులం. మరుగుదొడ్డి గొయ్యి నిండితే ఎవరు ఎత్తిపోయాలన్న మైల భావనే గ్రామీణ ఉత్తర భారతంలో మరుగుదొడ్డి వాడకానికి అడ్డంకి అని డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017 నాటి తమ గ్రంథంలో వాదించారు. పాకీపనిని 2013 చట్టం నిషేధించింది. అయినా ఆ పని ఏ కులానిదన్న ఊరి లెక్క చెరిగిపోలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో నేను చూసిన ప్రశ్న అంతకన్నా ముందుది. తుంగభద్ర దిగువ కాలువ పారే సీమ ఇది. అయినా వేసవిలో బిందె నీటికి విలువ కట్టాల్సిందే. ఊరి నడుమ మొదలైన పైపు మాదిగ గేరికి చేరేసరికి ధార సన్నబడుతుంది. తాగడానికా, వండడానికా, చేతులకా అన్న ఎంపిక తల్లి మీద పడుతుంది. పంటలు పోయి సుగ్గికి బయలుదేరిన కుటుంబాల బిడ్డలకు గుంటూరు మిరప చేల గట్లమీది గుడిసెల్లో ఆ సన్నని ధార కూడా ఉండదు. అక్కడ సబ్బు పాఠం ఎవరికి?

విద్యార్థి మిత్రులు తమ ఊళ్లో ఒక చిన్న లెక్క తీయాలి: ఊళ్లో కుళాయి ఎన్ని గంటలు పారుతుంది, గేరిలో ఎన్ని గంటలు? ఆ రెండు అంకెలనూ గ్రామసభ ముందు పెట్టాలి. సుగ్గి కూలీలను రప్పించుకునే చేలవద్ద నీరు, మరుగుదొడ్డి ఏర్పాటు యజమాని దయ కాదు, బాధ్యత అని ప్రభుత్వం చేత రాయించాలి. పారిశుధ్యం కొలత గేరి చివరి ఇంటి నుంచి మొదలైననాడు, చేతులు కడుక్కోమని ఆ తల్లికి ఎవరూ బోధించనక్కరలేదు.