అప్పుడు కొనేవాడే లేడు.. ఇప్పుడు కోట్లు!
అమెరికా 'మజిల్ కార్ల' వింత కథ

1969లో షెవర్లే కంపెనీ కమారో జడ్‌ఎల్‌1 అనే కారును తయారుచేసింది. మొత్తం చేసినవి 69 మాత్రమే. అప్పట్లో వాటిని కొనే నాథుడే లేడు. ఇప్పుడు వాటిలో ఒక్కటి వేలానికి వస్తోందంటే చాలు, అమెరికాలోని కార్ల పిచ్చోళ్లంతా చెవులు రిక్కిస్తారు. 'మజిల్ కార్లు' అని వాళ్లు ముద్దుగా పిలుచుకునే ఈ కండలు తిరిగిన బళ్ల కథలో తమాషా అంతా ఇక్కడే ఉంది. ఆనాడు అరుదైన కారంటే ఎవరూ కొననిది. ఈనాడు అరుదైన కారంటే కంపెనీయే లెక్కగట్టి తక్కువ చేసింది. ఈ తేడా పట్టించుకోకుండా మోజుపడితే జేబుకు చిల్లే!

అసలు మజిల్ కారంటే?

లెక్క చాలా సింపుల్. మధ్యతరగతి వాళ్లు కొనే ఓ మోస్తరు కారు తీసుకోవాలి. పెద్ద బండికి పెట్టే భారీ వి8 ఇంజన్ తెచ్చి దాంట్లో బిగించాలి. ధర మాత్రం కుర్రకారుకు అందేలా ఉండాలి. 1964లో పాంటియాక్ చేసింది సరిగ్గా ఇదే. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ కట్టడి. చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం దానికో అడ్డదారి వెతికింది. టెంపెస్ట్ లెమాన్స్ కారుకు 'అదనపు హంగు' పేరిట 389 ఘనపు అంగుళాల ఇంజన్ జతచేసింది. అంటే 6.4 లీటర్లన్నమాట. ఆ హంగు పేరే 'జీటీవో'. ఖరీదు 300 డాలర్ల లోపే. ఓ 5 వేలు పోతే గొప్ప అనుకున్నారు. తొలి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి! దాంతో మిగతా కంపెనీలూ బరిలోకి దూకాయి.

టాక్సీల దారిలో రేసు కారు

ఆదివారం పందెంలో గెలిచిన కారు సోమవారం షోరూంలో అమ్ముడుపోతుందన్నది అప్పట్లో డెట్రాయిట్ కంపెనీల నమ్మకం. అయితే పందేల నిర్వాహకులు ఓ మెలిక పెట్టారు. ట్రాక్ మీదికొచ్చే కారు జనానికి అమ్మేదే అయ్యుండాలి. అదీ ఒకటీ అరా కాదు, ఇన్ని చేశామని కంపెనీ లెక్క చూపించాలి. పరిమిత సంఖ్యలో వచ్చిన చాలా కార్లు ఈ నిబంధన పుణ్యమే.

ఇల్లినాయ్ రాష్ట్రంలో లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే షెవర్లే డీలరు ఉండేవాడు. డ్రాగ్ రేసులంటే ప్రాణం. కమారోలో 400 ఘనపు అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టరాదన్న కట్టడి అప్పటికింకా ఉంది. కానీ టాక్సీలు, పోలీసు బళ్ల కోసం ప్రత్యేక ఆర్డర్లు తీసుకునే 'కోపో' అనే పద్ధతి ఒకటుంది. గిబ్ ఆ దారి పట్టాడు. పూర్తిగా అల్యూమినియంతో చేసిన 427 ఘనపు అంగుళాల రేసు ఇంజన్ పెట్టి 50 కార్లు కావాలన్నాడు. 50 చేస్తే పందేనికి అర్హత వచ్చేస్తుంది మరి. ఆ ఇంజన్ 7 లీటర్లు. మన మారుతి 800 ఇంజన్లు దాదాపు తొమ్మిది కలిపితే ఎంతో, అదొక్కటే అంత! కాగితం మీద దాని సత్తా 430 హార్స్‌పవర్. నిజానికి 500 పైమాటే.

అసలు చిక్కు బిల్లు చేతికొచ్చాక మొదలైంది. ఒక్క ఇంజన్‌కే 4 వేల డాలర్లు దాటింది. మొత్తం కారు 7,200 డాలర్ల పైచిలుకు. మామూలు వి8 కమారో 3 వేలలోపే వస్తుంటే ఇంత పోసి ఎవరు కొంటారు? గిబ్ అమ్మలేక తల పట్టుకున్నాడు. సగానికి పైగా కార్లను కంపెనీ వెనక్కి తీసుకుని వేరే డీలర్లకు సర్దాల్సి వచ్చింది. వాళ్ల దగ్గరా కొన్ని ఏళ్ల తరబడి మూలపడ్డాయి.

రెక్క పీకేసి అమ్మారు!

1969 డాడ్జ్ చార్జర్ డేటోనాదీ ఇలాంటి కథే. ముందు కోసు ముక్కు, వెనక 23 అంగుళాల ఎత్తున రెక్క. గాలిని చీల్చుకుపోవడానికి చేసిన ఏర్పాటది. 1970 మార్చి 24న టాలడేగా ట్రాక్‌పై బడ్డీ బేకర్ దీన్ని గంటకు 200 మైళ్లు దాటించాడు. అంటే 322 కిలోమీటర్లు. నాస్కార్ కార్లలో అదే మొదటిసారి. జనం కోసం చేసినవి 503. మరుసటి ఏడాది దాని తోబుట్టువు ప్లిమత్ సూపర్‌బర్డ్ 1,900 పైచిలుకు వచ్చింది. వీధుల్లో ఆ వాలకం ఎవరికీ నచ్చలేదు. బేరం కుదరక కొందరు డీలర్లు ముక్కూ రెక్కా పీకేసి మామూలు కార్లుగా మార్చి అమ్ముకున్నారు. ఇవాళ ఆ రెక్క ఉంటేనే దానికి విలువ!

వైభవం పదేళ్లే

ఈ జోరు పదేళ్లయినా సాగలేదు. కుర్రాళ్లు నడిపే శక్తిమంతమైన కార్లకు బీమా కంపెనీలు ప్రీమియం విపరీతంగా పెంచేశాయి. 1970లో వచ్చిన స్వచ్ఛ గాలి చట్టం పొగపై ఆంక్షలు బిగించింది. దాంతో 1971 నుంచి ఇంజన్ల పదును తగ్గింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో బంకుల ముందు బారులు తీరారు. తాగుబోతు ఇంజన్లను చూసేవాడే కరవయ్యాడు. వేలాది కార్లు తుక్కుకింద పోయాయి. మిగిలినవాటికే ఈ రోజు ఇంత గిరాకీ.

ఆ గిరాకీ ఎంతంటే.. 1971లో కేవలం ఓ డజను దాకా చేసిన హెమీ కుడా కన్వర్టిబుల్‌లో ఒకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. 1968 నాటి 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్‌దైతే మరీ విచిత్రం. 1974లో ఓ కుటుంబం 6 వేల డాలర్లకు కొని రోజువారీ పనులకు వాడుకుంది. తనకు ఇచ్చేయమని మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసినా ఇవ్వలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడాలో వేలానికి పెడితే ఖర్చులతో కలిపి 37.4 లక్షల డాలర్లు వచ్చింది. అప్పటి లెక్కన సుమారు 26 కోట్ల రూపాయలు! దానికి కొత్త రంగు వేయలేదు, సొట్టలు తీయలేదు. పాతది పాతగానే ఉంచడమే దానికి కలిసొచ్చింది.

నకిలీలతో తంటా

ధర పెరిగితే నకిలీ పుట్టకుండా ఉంటుందా? మామూలు కమారో కొని, పెద్ద ఇంజన్ బిగించి, పాత బొమ్మ అంటించి 'అసలుదే' అనేవాళ్లున్నారు. 1969 కమారో చాసిస్ నంబరు చూస్తే అది వి8 కారని మాత్రమే తెలుస్తుంది. ఏ వి8 అన్నది తెలియదు. అందుకే ఇంజన్‌పై కొట్టిన నంబరు, చాసిస్ నంబరు కలిశాయా లేదా అని భూతద్దం పెట్టి చూస్తారు. తొలి బిల్లు, వారంటీ కాగితం, ఫ్యాక్టరీలో రాసిన తయారీ చీటీ అడుగుతారు. క్రిస్లర్ కార్లలో ఈ చీటీ ఒక్కోసారి సీటు స్ప్రింగుల సందున దొరుకుతుంది! మనవాళ్లు పొలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు తిరగేసినట్టే. కాగితం లేని కారు ఎంత మెరిసినా సగం ధరకు కూడా పోదు.

ఇప్పటి 'లిమిటెడ్'లు వేరు

2018 మోడల్‌గా డాడ్జ్ 'డీమన్' పేరుతో 840 హార్స్‌పవర్ కారు తెచ్చింది. 3,300 మించి చేయబోమని ముందే చెప్పేసింది. 2023లో 1,025 హార్స్‌పవర్‌తో 'డీమన్ 170' వచ్చింది. దానికీ గరిష్ఠం 3,300 అనే ప్రకటించారు. ఆ డిసెంబరుతో కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీలో పాత తరహా చార్జర్, చాలెంజర్ల తయారీ ఆగిపోయింది. కమారో కూడా 2024 మోడల్‌తో సెలవు తీసుకుంది. కొన్నవాళ్లలో చాలామంది బండిని రోడ్డెక్కించకుండా కవరు కప్పి దాచుకున్నారు. అందరూ దాచుకుంటే రేపు కొరత ఎక్కడిది? అరవైల్లో కార్లను చితక్కొట్టి నడిపారు, పారేశారు. కాబట్టే మిగిలినవి బంగారమయ్యాయి. ఈ తేడా మరిచి పెట్టుబడి అనుకుంటే ఇబ్బందే.

మన దగ్గరికి తెచ్చుకోవచ్చా?

అమెరికాలో ఉద్యోగాలు చేసే మన పిల్లల్లో ఈ కార్లపై మోజు పడేవాళ్లు లేకపోలేదు. అక్కడ కొన్నది ఇక్కడికి తేగలమా అంటే, ఇదివరకు 1950కి ముందు తయారైన పాత కార్లకే దారి ఉండేది. 2025లో కేంద్రం నిబంధన సడలించి 50 ఏళ్లు దాటినవాటిని అనుమతించింది. అంటే జీటీవో, జడ్‌ఎల్‌1, సూపర్‌బర్డ్ అన్నీ ఆ లెక్కలోకి వచ్చేస్తాయి. వింటేజ్ కార్లకు 2021 నుంచి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబర్లున్నాయి. అయితే రోజూ తిరగడానికి గానీ, కిరాయికి గానీ వాడకూడదు. పైగా సుంకాలన్నీ కలిపితే కొన్న ధర రెట్టింపు దాటడం ఖాయం.

అంచేత ఎవరైనా 'లక్కీగా అసలు మజిల్ కారు చవగ్గా దొరికింది' అంటే బోనెట్ ఎత్తేముందు ఫైలు తెరవమనండి. నంబర్లు కలిస్తేనే బేరం మాట!