విమానాశ్రయపు వరుస: ఇంటియొద్ద చేయవలసిన సన్నాహము



మా దొనకొండయందు రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులు వేసిన విమానముల మైదానమొకటి కలదు. చిరకాలముగా నది నిరుపయోగముగా నున్నది. అందుచేత ఆకాశయానము చేయదలచిన మా యూరివారు రైలెక్కి గుంటూరు మీదుగా విజయవాడకో, హైదరాబాదుకో పోవలసినదే. అయినను కూతురి పురిటికో, కోడలి పురిటికో సముద్రములు దాటు తల్లులు నేడు మా ప్రాంతమునందును అరుదు కారు. వారికి భయము గొలుపునది విమానము కాదు. దానికి ముందును వెనుకను నిలువవలసిన వరుసలు.

రెండేండ్ల క్రిందట మా చెల్లెలి పురిటికై మేము మా యమ్మతో అమెరికాకు బోయితిమి. భద్రతా పరీక్షయందు మా చేతిసంచి విప్పించిరి. అందు నేతిసీసాయు, గోంగూరపచ్చడి డబ్బాయు నుండెను. రెంటిని ప్రక్కన బెట్టిరి. అమ్మ కన్నుల నీరు దిరిగెను, వెనుకనున్నవారు విసుగుకొనిరి. తప్పు ఉద్యోగులది కాదు, నియమమెరుగని మాది. అచ్చట దిగిన పిమ్మట అధికారి "ఎన్ని దినము లుందురు?" అని యడుగగా, అమ్మ మా ముఖము జూచెను. ఆమె పాసుపోర్టు మా సంచిలో నున్నది. ఆమె సమాధానము మా నోట నున్నది! ఉంగరము జారవిడిచి నిండుసభలో నిలిచిన శకుంతల మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. వరుసను నిలిపివేయునది జనసమ్మర్దము మాత్రమే కాదు, మన సన్నాహలోపము గూడ నని నాడు తెలిసికొంటిమి.

మొదట సంచి మాట. అంతర్జాతీయ ప్రయాణమున చేతిసంచిలోని ద్రవపదార్థములు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించరాదు. నెయ్యి, పచ్చడి, పెరుగు ఈ లెక్కలోనివే. వానిని గట్టిగా మూటగట్టి పెద్దపెట్టెలో వేయవలెను. ఎండుకొబ్బరిని మాత్రము ఇంటనే విడువుడు. నూనె హెచ్చుగాగల యా వస్తువు వేడికి తనంత నంటుకొనగలదని, 2022లో మన దేశమున దానిని పెద్దపెట్టెలలో వేయరాని వస్తువులలో జేర్చిరి. ఫోనునకు శక్తినిచ్చు పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే యుండవలెను. స్త్రీలను తెరచాటున స్త్రీలే పరీక్షింతురు గాన సంకోచపడ బనిలేదు. చీరకుచ్చిళ్లకు, కొప్పునకు పిన్నులు తగ్గించి, బరువైన నగలు ధరింపకున్న పని త్వరగా ముగియును.

రెండవది పత్రములు. టిక్కెట్టుపై పేరు పాసుపోర్టునందున్నట్లే యుండవలెను. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక యైనచో చిక్కు వచ్చును. టిక్కెట్టు కొనునపుడే సరిచూడుడు. నడువలేని పెద్దలకు చక్రపుకుర్చీ గూడ అప్పుడే కోరవలెను. వరుస తప్పించుకొనుటకై నడువగలవారు దానిని కోరుట మాత్రము న్యాయము కాదు.

మూడవది, ప్రభుత్వము కల్పించిన దగ్గరిదారి. ముందుగా పరిశీలింపబడిన ప్రయాణికులకై "ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్" అను నేర్పాటు 2024 జూన్‌లో ఢిల్లీయందు మొదలై, 2025 జనవరిలో హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు మొదలగు మరి యేడు విమానాశ్రయములకు వ్యాపించినది. భారతీయులు ఇంటినుండియే దరఖాస్తు పెట్టవచ్చును. అంగీకారము వచ్చిన పిమ్మట వ్రేలిముద్రలు, ముఖచిత్రము ఇచ్చినచో, వారు యంత్రద్వారమున పాసుపోర్టు చూపి సాగిపోవుదురు. అది అయిదేండ్లో, పాసుపోర్టు గడువు తీరువరకో, ఏది ముందైన నంతవరకు చెల్లును. ముద్ర లిచ్చుటకు ముందు వ్రేళ్లకు గోరింటాకు పెట్టుకొనకుండుట మేలు. దేశములోపలి ప్రయాణములకు ముఖమును గుర్తించి లోనికి బంపు "డిజియాత్ర" వేరుగా గలదు. అది 2022 డిసెంబరులో మొదలైనది. ఇష్టమైనవారే చేరవచ్చును.

కడపటిది, అన్నిటికంటె ముఖ్యమైనది, సత్యము. అమెరికాలో దిగునపుడు తెచ్చిన తినుబండారముల నన్నిటిని చెప్పవలెను. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు, మాంసపు పచ్చళ్లు కొనిపోకుడు. దాచి పట్టుబడినచో 10,000 డాలర్లవరకు జరిమానా విధింపవచ్చును. చెప్పినచో మహా యయిన వస్తువు పోవును, పరువు నిలుచును. ఎవరి యింటికి, ఏల, ఎంతకాలమునకు అను మూడు ప్రశ్నలకు ప్రతి స్త్రీయు తానే యుత్తరమీయ నేర్వవలెను. ఆంగ్లము రానిచో "తెలుగు" అని చెప్పి దుబాసీని గోరుట తప్పు కాదు.

ఆ ప్రయాణము తరువాత సాయంకాలములయందు మేము అధికారులమై ప్రశ్నింపగా అమ్మ జవాబులు చెప్పుచు వచ్చెను. మనుమరాలి పుట్టినదినమునకు ఈ యేడు ఆమె యొంటరిగా బోయెను. మెడలో వ్రేలాడు చిన్నసంచిలో పాసుపోర్టు, కాగితముపై చెల్లెలి చిరునామా. దిగినవెంటనే ఫోనుచేసి, నేతిని గూర్చియు, అలసటను గూర్చియు నొక్కమాట యనలేదు.

"అడిగినవాటికన్నిటికి నేనే చెప్పితినే!" అనెను.

వరుసలో నెన్ని నిమిషములు మిగిలెనో మేమడుగలేదు. ఆ మాటయే మాకు చాలినది.